తగవు తీర్చే చదువుకు పాపికొండల పాఠం

భిన్న సంస్కృతుల వారి మధ్య తగవులు తీర్చడమెలాగన్నది ఇప్పుడు విదేశాల్లో ఎం.ఏ. చదువు. గోదావరి గట్టున దానికి పాఠాలు ఏనాటి నుంచో ఉన్నాయి.

ఆస్ట్రియాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ 1941లో పాపికొండల ప్రాంతపు కొండరెడ్ల నడుమ ఉండి, 1945లో వారిపై పుస్తకం వెలువరించారు. కొండరెడ్లు మాట్లాడేది తెలుగే. అయినా మాట కలవలేదు. పోడు వారికి తాతలనాటి సాగు, అటవీశాఖకు అడవి నరకడం. కలప వ్యాపారి ఇచ్చిన బాకీ ఆయనకు పద్దు, వీరికి తీరని వెట్టి.

1970లో వచ్చిన 1/70 చట్టం ఏజెన్సీ భూములు గిరిజనేతరులకు పోకుండా అడ్డుకట్ట వేసింది. తగవులు మాత్రం ఆగలేదు. పోలవరం నిర్వాసితులకు కాలనీలో ఇల్లు చూపారు సరే, దుంపలు, చింతపండు ఇచ్చిన అడవిని ఏ పద్దులో రాస్తారు? ఎం.ఏ. చదివేవారు ముందు అక్కడి పెద్దలనడగాలి.