మన ఊరి నక్ష ఎన్నడన్న చూసిండ్రా?

ఫోన్ల మ్యాపు వెట్టి హైదరాబాద్ గల్లీలు తిరిగే మన పోరగాళ్లకు సొంతూరి నక్ష ఎట్లుంటదో తెల్వదు. తెలంగాణల చానా ఊర్లకు నిజాం జమాన సర్వేల గీసిన నక్షలున్నయి. సర్వే నంబర్లు, వాగులు, కుంటలు, బండ్లబాటలు అండ్లనే కనవడ్తయి. ఒక్కో నంబరు కొలతలు టిప్పన్‌ల ఉంటయి. 33 అడుగులకు 33 అడుగులైతే గుంట, 40 గుంటలైతే ఎకరం.

కొన్ని ఊర్లను రికార్డుల 'బేచిరాగ్' అని రాసిండ్రు. చిరాగ్ అంటే దీపం. దీపం ముట్టిచ్చే మనిషి లేని ఊరన్నట్టు. పేరుంటది, శివారుంటది, ఇండ్లుండయి. ఆ జనం కరువుకు పోయిండ్రా, గత్తరకు పోయిండ్రా? నక్ష చెప్పది. అవ్వలను, తాతలను అడగాలె. కూలిన గుడి, పూడిన బాయి యాడున్నయో వాళ్లకే ఎరుక. శిస్తు కోసం గీసిన కాయితమాయె, జీతగాని ముచ్చట అండ్ల యాడ దొరుకుతది?

అసలు లొల్లి శిఖం కాడ. శిఖమంటే చెరువు నిండితే మునిగే జాగ. అండ్ల ప్లాట్ల రాళ్లు పాతి "ఈడ కుంటే లేకుండె" అంటే నోటి మాట పనికిరాదు. నక్షల నంబరు పట్టుండ్రి. 1954-55 ఖాస్రా పహాణీల ఆ నంబరుకు ఏం రాసిండ్రో నకలు తియ్యుండ్రి. ఇయ్యకుంటే సమాచార హక్కు కింద దరఖాస్తు వెట్టుండ్రి. వానకాలం కుంట నిండినప్పుడు ఫొటోలు గూడ తీసి దాచుండ్రి.