ఫార్మిక్ ఆమ్లం నుంచి హైడ్రోజన్: ఒక ఉత్ప్రేరకం ప్రస్థానం

హైడ్రోజన్‌ను తయారుచేయడం ఎంత కష్టమో, నిల్వచేయడమూ అంతే కష్టం. వాతావరణ పీడనానికి సుమారు 700 రెట్ల ఒత్తిడితో సిలిండర్లలో కుక్కినా లీటరు చోటులో 40 గ్రాములకు మించి పట్టదు. 1671లో జాన్ రే చీమలను బట్టీపట్టి వేరుచేసిన ఫార్మిక్ ఆమ్లం మాత్రం గది ఉష్ణోగ్రతలో ద్రవంగానే ఉండి, లీటరుకు 53 గ్రాముల హైడ్రోజన్‌ను తనలో ఇముడ్చుకుంటుంది. రబ్బరు పాలను గడ్డకట్టించడానికి, తోళ్ల శుద్ధికి వాడే ఈ ఆమ్లం ఇంధన పరిశోధకుల దృష్టిలో పడటానికి కారణం అదే.

అయితే ఈ ఆమ్లం విచ్ఛిన్నమయ్యే దారులు రెండు. ఒక దారిలో హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వెలువడతాయి. రెండో దారిలో నీరు, కార్బన్ మోనాక్సైడ్ ఏర్పడతాయి. హైడ్రోజన్‌ను విద్యుత్తుగా మార్చే ఇంధన ఘటంలోని ప్లాటినానికి కార్బన్ మోనాక్సైడ్ అతి స్వల్ప మోతాదులోనైనా విషమే కనుక, తాను ఖర్చు కాకుండా చర్యను వేగిరపరచే ఉత్ప్రేరకం ఇక్కడ వేగంతో పాటు విచక్షణ కూడా చూపవలసి ఉంటుంది.

ప్లాటినం, రుథీనియం, ఇరిడియం లోహాలకు ఫాస్ఫరస్ పరమాణువులున్న ఫాస్ఫీన్లను జతచేసిన సంక్లిష్ట పదార్థాలు ద్రావణంలో ఈ పని చేయగలవని 1967లో కాఫీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చూపినా, అసలు మలుపు 2008లో వచ్చింది. ఆ ఏడాది జర్మనీలోని రోస్టాక్‌లో మథియాస్ బెల్లర్ బృందం, స్విట్జర్లాండ్‌లోని లోసాన్‌లో గాబోర్ లోరెన్సీ బృందం వేర్వేరుగా రుథీనియం ఉత్ప్రేరకాలను ప్రకటించాయి. బెల్లర్ పద్ధతి 40 డిగ్రీల సెల్సియస్ లోపే పనిచేయగా, నీటిలో జరిగే లోరెన్సీ చర్య అధిక పీడనంలోనూ ఆగకుండా సాగింది.

ద్రావణంలో జరిగేది స్థూలంగా ఇది: ఆమ్లం ఒక ప్రోటాన్‌ను వదిలి ఫార్మేట్‌గా మారి లోహాన్ని పట్టుకుంటుంది, దాని కార్బన్‌పై ఉన్న హైడ్రోజన్‌ను లోహం లాక్కోగానే కార్బన్ డయాక్సైడ్ విడిపోతుంది, లోహంపై మిగిలిన హైడ్రోజన్ ద్రావణంలోని ప్రోటాన్‌తో కలిసి వాయువుగా పైకి లేస్తుంది, ఖాళీ అయిన లోహం మరో ఫార్మేట్‌ను అందుకుంటుంది.

రుథీనియం, ఇరిడియం అరుదైనవీ ఖరీదైనవీ కావడంతో పరిశోధన చవకైన ఇనుము వైపు మళ్లింది. 2011లో బెల్లర్, లోరెన్సీ బృందాలు కలిసి రూపొందించిన ఇనుప ఉత్ప్రేరకం 80 డిగ్రీల వద్ద, ఒక్కో ఇనుప పరమాణువుకు 92 వేలకు పైగా ఆమ్ల అణువులను విడగొట్టింది. 2014లో మరో ఇనుప సంక్లిష్టంతో ఈ లెక్క 10 లక్షల దరిదాపులకు చేరింది. 2018లో లోసాన్ పరిశోధకులు జీఆర్‌టీ సంస్థతో కలిసి, ఫార్మిక్ ఆమ్లంతో నడిచే 800 వాట్ల ఇంధన ఘట యూనిట్‌ను ప్రదర్శించారు.

ఉత్ప్రేరకం ఎంత మేలైనదైనా ఇంధనం స్వచ్ఛమైనదా కాదా అన్నది ఆమ్లం ఎక్కడి నుంచి వచ్చిందన్న దానిపైనే ఆధారపడుతుంది. నేటి పరిశ్రమల్లో ఫార్మిక్ ఆమ్లాన్ని ప్రధానంగా మిథనాల్, కార్బన్ మోనాక్సైడ్‌ల నుంచి తయారుచేస్తున్నారు. చంద్రపూర్ జిల్లాలోని 2,920 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం వంటి చోట్ల గొట్టాల నుంచి వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి, 2025 జనవరిలో శంకుస్థాపన జరిగిన అనకాపల్లి జిల్లా పూడిమడక కేంద్రం వంటివి ఉత్పత్తి చేయబోయే హరిత హైడ్రోజన్‌తో కలిపితేనే, విడుదలైన కార్బన్ తిరిగి ఆమ్లంలోకి చేరుతుంది. బొగ్గు నుంచి వచ్చిన ఆ కార్బన్‌ను వాడిన ప్రతిసారీ మళ్లీ పట్టుకోకపోతే, అది చివరికి గాలిలోకే పోతుంది. కాబట్టి ఈ ఉత్ప్రేరకాల విలువను వాటి వేగంతో మాత్రమే కాక, ఈ చక్రం ఎంత ఖర్చుతో మూసుకుంటుందన్న దానితో కూడా కొలవాలి.