గేరు కరకరమంటోందా? ఆయిలు డబ్బా చూడండి

పల్లె రోడ్లపై ఏళ్లతరబడి తిరిగిన జీపులు, బొలేరోలు కొన్నింటిలో ఇంజను ఇంకా గట్టిగానే ఉంటుంది. క్లచ్ కూడా బాగానే ఉంటుంది. కాని రెండో గేరు వేయబోతే కరకరమంటుంది. బండి పాతబడిందని యజమాని సరిపెట్టుకుంటాడు. లోపం పోసిన ఆయిలులోనే ఉండవచ్చు.

గేరు ఆయిళ్లన్నీ ఒకటే అనుకోవడం పొరపాటు. డబ్బాపై 80డబ్ల్యు-90 అన్నది చిక్కదనాన్ని మాత్రమే తెలుపుతుంది. జీఎల్-4, జీఎల్-5 అన్న గుర్తు కూడా చూడాలి. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన మందు దాదాపు రెట్టింపు ఉంటుంది. వెనుక ఇరుసులోని పళ్లచక్రాలకు అది అవసరమే. గేరుబాక్సులో మాత్రం గేరు మెత్తగా పడేందుకు సాధారణంగా ఇత్తడి రింగులుంటాయి. ఆ మందు కొన్ని రకాల ఆయిళ్లలో వేడికి ఇత్తడిని తినేస్తుంది. జారుడు ఎక్కువైనా రింగుకు పట్టు దొరకదు.

పాత ఆయిలును బండి వెచ్చగా ఉన్నప్పుడు దించి, పళ్లెంలో పట్టి చూడాలి. బంగారు రంగు పొడి మెరిస్తే రింగులు అరుగుతున్నట్టే. ఇత్తడి గనుక ఆ పొడి అయస్కాంతానికి అంటదు. ఆయిలు పాలలా తెల్లబడితే నీరు చేరిందన్నమాట. వాగులు దాటే బండ్లకు ఈ బెడద ఎక్కువ. అటువంటి ఆయిలును వెంటనే మార్చాలి.

అరిగిన రింగును ఏ ఆయిలూ బాగుచేయలేదు. గేరుబాక్సు విప్పితే ఖర్చుతోపాటు కిరాయిలూ పోతాయి. అందువల్ల బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ గుర్తు ఉంటే ఆ ఆయిలునే అడిగి, దగ్గరుండి పోయించుకోవడం మేలు.