1991: బార్‌కోడ్ వచ్చి పాటల లెక్క మార్చేసిన ఏడాది

ఒక్కో ఎపిసోడ్‌లో ఒక్కో సంవత్సరాన్ని పట్టుకుని, ఆ ఏడాది పాటల ప్రపంచంలో ఏం జరిగిందో మాట్లాడుకుంటున్నాం కదా. ఇవాళ్టి సంవత్సరం 1991. దేశం అమెరికా.

1991 అనగానే ఇంగ్లిష్ పాటలు వినేవాళ్ళు ఠక్కున చెప్పే పేరు నిర్వానా. వాళ్ళ "నెవర్‌మైండ్" ఆల్బమ్ సెప్టెంబర్ 24న వచ్చింది. ఆగస్టు 12న మెటాలికా "బ్లాక్ ఆల్బమ్", ఆగస్టు 27న పెర్ల్ జామ్ "టెన్" వచ్చాయి. సెప్టెంబర్ 17న గన్స్ ఎన్ రోజెస్ ఒకే రోజు రెండు ఆల్బమ్‌లు వదిలింది. నవంబర్ 24న క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ చనిపోయాడు. మన పంచగని బోర్డింగ్ స్కూల్లో చదువుకున్న కుర్రాడే ఆయన. ఆ నెలాఖరులోనే మైకేల్ జాక్సన్ "డేంజరస్" రిలీజైంది. ఇన్ని పెద్ద సంగతులు ఒకే ఏడాదిలో!

కానీ నన్నడిగితే ఆ ఏడాది జరిగిన అతి పెద్ద సంగతి పాట కాదు, ఆల్బమ్ కాదు. మే 25 తేదీతో వచ్చిన బిల్‌బోర్డ్ పత్రిక సంచిక. అందులో ఆల్బమ్‌ల చార్ట్ తయారుచేసే పద్ధతి మారిపోయింది. పాటలు అవే, వినేవాళ్ళు వాళ్ళే. లెక్క ఒక్కటే మారింది. దాంతో ఎవరు స్టార్, ఎవరు కాదు అన్న బొమ్మ మొత్తం తిరగబడింది. ఎలాగో చూద్దాం.

ముందు పాత పద్ధతి ఏంటో తెలియాలి. బిల్‌బోర్డ్ వాళ్ళు ప్రతి వారం కొన్ని రికార్డుల షాపులను అడిగేవాళ్ళు: "ఈ వారం మీ దగ్గర ఏవి బాగా పోతున్నాయి?" అని. షాపు మేనేజరో, కౌంటర్లో కూర్చున్న కుర్రాడో వరుసగా పేర్లు చెప్పేవాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఎన్ని కాపీలు అమ్మారు అన్నది కాదు, ఏది ముందు, ఏది వెనక అన్నదే చెప్పేవాడు. అంటే దేశంలోనే అతి ముఖ్యమైన చార్ట్ వెనక ఉన్నది ఆ కౌంటర్ మనిషి జ్ఞాపకం, అతని అభిరుచి, అతని మూడ్. మన భాషలో చెప్పాలంటే కాకి లెక్కలు.

ఇందులో మోసానికీ బోలెడంత చోటుంది. రికార్డ్ కంపెనీ మనిషి వచ్చి ఫ్రీగా నాలుగు రికార్డులు, రెండు కచేరీ టికెట్లు చేతిలో పెడితే, వాళ్ళ ఆల్బమ్ పేరు పైకి పోదా? స్టాక్ మిగిలిపోయిన ఆల్బమ్‌ని "అబ్బో, ఎగబడి కొంటున్నారు" అని చెప్తే కాదనేవాడెవడు? ఎవరి దగ్గరా సాక్ష్యం లేదు కదా.

అయితే మోసం ఒక్కటే అనుకుంటే కథలో సగమే తెలిసినట్టు. నిజాయితీపరుడు చెప్పినా లెక్క తప్పేది. ఎందుకంటే మనిషి తను వినే పాటల్నే గమనిస్తాడు. తనకి పట్టని పాట ఎంత అమ్ముడైనా కంటికి ఆనదు. పెద్ద పట్టణంలో రాక్ వినే కుర్రాడికి, సూపర్‌మార్కెట్ లాంటి దుకాణాల్లో కంట్రీ క్యాసెట్లు కొనుక్కుపోయే వాళ్ళు కనబడరు. కంట్రీ అంటే అమెరికా పల్లెల, చిన్న ఊళ్ళ సంగీతం. అలాగే నల్లజాతి పిల్లలు కొనే ర్యాప్ కూడా. "అది వాళ్ళ పాటలే, వాళ్ళకి వేరే చార్ట్ ఉంది కదా" అన్న ధోరణి.

ఇప్పుడు కొత్త పద్ధతి. మైక్ ఫైన్, మైక్ షాలెట్ అనే ఇద్దరు కలిసి పెట్టిన సంస్థ సౌండ్‌స్కాన్. ఐడియా చాలా సింపుల్. అప్పటికే క్యాసెట్ల మీద, సీడీల మీద బార్‌కోడ్ ఉంది. బిల్లు కొట్టేటప్పుడు "బీప్" మని స్కాన్ చేస్తున్నారు. అంటే ఏ ఆల్బమ్ ఎన్ని కాపీలు పోయిందో ఆ షాపు కంప్యూటర్‌కి ముందే తెలుసు. ఆ డేటాని వారానికోసారి తెప్పించుకుని, అన్ని షాపులవీ కలిపి కూడితే సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్ళకి ఇది వింటే నవ్వొస్తుంది. కొత్త డేటా ఒక్క ముక్క కూడా పుట్టించలేదు. సిస్టమ్‌లో ఊరికే పడి ఉన్న లాగ్‌ని తీసి చదివారు, అంతే. మేం ఆఫీసులో చూసేవాళ్ళం. యూజర్ ఏం వాడుతున్నాడో మీటింగ్‌లో ఎవరికి తోచింది వాళ్ళు చెప్తారు. లాగ్ తెరిస్తే వేరే కథ ఉంటుంది. 1991 మేలో అమెరికా సంగీత పరిశ్రమకి జరిగింది సరిగ్గా ఇదే.

సరే, లాగ్ తెరిచాక ఏం కనబడింది?

ఒకటి, కంట్రీ. గార్త్ బ్రూక్స్ పాత ఆల్బమ్ "నో ఫెన్సెస్" అప్పటికి నెలల తరబడి అమ్ముడవుతోంది. కొత్త లెక్క రాగానే అది అమాంతం టాప్ 10లోకి ఎగబాకింది. ఆ వారం జనం కొత్తగా ఎగబడి కొన్నారని కాదు, కొంటున్న జనం మొదటిసారి లెక్కలోకి వచ్చారు. సెప్టెంబర్‌లో అతని తర్వాతి ఆల్బమ్ "రోపిన్ ద విండ్" వచ్చిన మొదటి వారమే నంబర్ వన్‌గా దిగింది. ఒక కంట్రీ ఆల్బమ్‌కి అలా జరగడం అదే మొదటిసారి.

రెండు, ర్యాప్. లాస్ ఏంజెలిస్ పక్కన కాంప్టన్ కుర్రాళ్ళ బృందం ఎన్.డబ్ల్యూ.ఏ. బూతులు, తుపాకులు, పోలీసుల మీద కోపం, ఆడవాళ్ళ గురించి దారుణమైన మాటలు, అన్నీ ఉంటాయి వాళ్ళ పాటల్లో. రేడియో దగ్గరికి రానిచ్చేది కాదు. మే నెలాఖరులో వాళ్ళ రెండో స్టూడియో ఆల్బమ్ వచ్చింది. రేడియోలో హిట్టయిన పాట ఒక్కటి కూడా లేకుండానే చార్ట్‌లో రెండో స్థానంలో దిగి, తర్వాతి వారం నంబర్ వన్ అయింది. పరిశ్రమ బిత్తరపోయింది. ఆ పాటలు మంచివా చెడ్డవా అని మీరు వాదించొచ్చు. కానీ వాటిని కొంటున్నవాళ్ళు లేరని మాత్రం ఇక ఎవరూ అనలేకపోయారు.

మూడు, ఓపెనింగ్స్. సౌండ్‌స్కాన్‌కి ముందు, మొదటి వారమే నంబర్ వన్‌గా దిగిన ఆల్బమ్‌లు ఆరంటే ఆరే. 1975లో ఎల్టన్ జాన్‌వి రెండు, 1976లో స్టీవీ వండర్‌ది, 1986లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్‌ది, 1987లో విట్నీ హ్యూస్టన్‌ది, మైకేల్ జాక్సన్‌ది. అదే 1991 జూన్ నుంచి డిసెంబర్ లోపు చూడండి: స్కిడ్ రో, వాన్ హాలెన్, మెటాలికా, గార్త్ బ్రూక్స్, గన్స్ ఎన్ రోజెస్, యూ2, మైకేల్ జాక్సన్. పదహారేళ్ళలో ఆరు, ఏడు నెలల్లో ఏడు. అభిమానులు మొదటి రోజే షాపు ముందు క్యూ కట్టడం 1991లో మొదలవ్వలేదు. ఆ క్యూ కనబడటం మొదలైంది.

మరి నిర్వానా సంగతి? వాళ్ళని కంప్యూటరే స్టార్లని చేసిందని కొందరు అంటారు. అది అతిశయోక్తి. "నెవర్‌మైండ్"కి అమెరికాలో మొదట పంపిణీ చేసింది సుమారు 46 వేల కాపీలే. చార్ట్‌లో దిగింది 144వ స్థానంలో. అక్కడి నుంచి ఎమ్‌టీవీలో వీడియో, నోటి మాట, కచేరీలతో వారం వారం ఎక్కుతూ వెళ్ళి, 1992 జనవరి 11 చార్ట్‌లో మైకేల్ జాక్సన్ "డేంజరస్"ని దించి నంబర్ వన్ అయింది. ఆ ఎక్కడం పాట చేసిన పనే. కాకపోతే ప్రతి మెట్టూ అంకెల్లో కనబడుతుంటే షాపువాడు మళ్ళీ ఆర్డర్ పెడతాడు, కంపెనీ మళ్ళీ ముద్రిస్తుంది. అంకెలు పాటని పుట్టించలేదు, పుట్టిన పాటకి దారి ఇచ్చాయి.

ఇప్పటిదాకా అమ్మకాల సంగతి. ఇక రేడియో. స్టేషన్లు "ఈ వారం ఇవి వేశాం" అని లిస్టు పంపేవి. కంపెనీవాళ్ళ మాట కాదనలేక, వేయని పాట కూడా లిస్టులో రాసేసే అలవాటు ఒకటుండేది. దీనికి మందు బ్రాడ్‌కాస్ట్ డేటా సిస్టమ్స్ అనే సంస్థ దగ్గర దొరికింది. కంప్యూటర్లు రేడియోని వింటూ ఉంటాయి. ప్రతి పాట ధ్వనికీ ఒక ముద్ర ఉంటుంది, వేలిముద్ర లాగా. ముందే దాచిన ముద్రలతో పోల్చి, ఏ పాట ఎన్నిసార్లు వేశారో లెక్కేస్తాయి. ఇవాళ మన ఫోన్లో షజామ్ చేసే పనికి ఇది పెద్దన్న అనుకోండి. 1991 నవంబర్ 30 నుంచి పాటల చార్ట్, అంటే హాట్ 100, ఈ రెండు లెక్కల మీద నడవడం మొదలైంది.

దాని ప్రభావం మరుసటి ఏడాదే కనబడింది. ఒకే రికార్డు ఎక్కువ వారాలు నంబర్ వన్‌గా ఉండటంలో 1956లో ఎల్విస్ ప్రెస్లీ 11 వారాలు కొట్టాడు. 36 ఏళ్ళు దాన్ని ఎవరూ దాటలేదు. 1992లో బాయ్జ్ టు మెన్ "ఎండ్ ఆఫ్ ద రోడ్"కి 13 వారాలు. ఆ వెంటనే విట్నీ హ్యూస్టన్ "ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ"కి 14. మనుషులు లిస్టు రాసినప్పుడు "ఇది పాతబడింది, కొత్తది రాద్దాం" అనుకునేవాళ్ళు. జనం మాత్రం నచ్చిన పాటని నెలల తరబడి వింటూనే ఉంటారు. యంత్రానికి బోర్ కొట్టదు కదా!

ఈ కొత్త హాట్ 100లో మొదటి నంబర్ వన్ పీఎమ్ డాన్ అనే ద్వయం పాట, "సెట్ అడ్రిఫ్ట్ ఆన్ మెమరీ బ్లిస్". దాని ప్రాణం అంతా 1983లో స్పాండౌ బాలే పాడిన "ట్రూ" పాటలోంచి తీసుకున్న ముక్కలో ఉంది. పాత పాట ముక్కని కోసి కొత్త పాటలో అతికించడాన్నే శాంప్లింగ్ అంటారు. హిప్‌హాప్ పెరిగిందే దాని మీద.

సరిగ్గా 17 రోజుల తర్వాత, డిసెంబర్ 17న, న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఒక తీర్పు వచ్చింది. ర్యాపర్ బిజ్ మార్కీ, గిల్బర్ట్ ఓ'సలివన్ పాత పాట ముక్కని అనుమతి లేకుండా వాడాడని కేసు. జడ్జి కెవిన్ డఫీ, దొంగతనం చేయకూడదన్న బైబిల్ ఆజ్ఞతోనే తీర్పు మొదలుపెట్టారు. ఆ పాటని ఆపేయమన్నారు. ఆ తర్వాత ప్రతి ముక్కకీ అనుమతి, ప్రతి అనుమతికీ డబ్బు. ఒకే పాటలో పది పన్నెండు ముక్కలు కలిపి అల్లే పద్ధతి ఖరీదైపోయింది. బిజ్ మార్కీ 1993లో తన తర్వాతి ఆల్బమ్‌కి పెట్టిన పేరు "ఆల్ శాంపిల్స్ క్లియర్డ్". అన్నిటికీ పర్మిషన్ తీసుకున్నాం బాబూ అని!

చూశారా, ఒకే ఏడాదిలో మూడు లెక్కలు. ఎన్ని అమ్మారు, ఎన్నిసార్లు వేశారు, ఎవరి ముక్క ఎంత వాడారు. మొదటి రెండూ ర్యాప్‌ని పైకి లేపాయి. మూడోది అదే ర్యాప్‌కి బిల్లు చేతిలో పెట్టింది. లెక్క ఎవరి చుట్టమూ కాదు.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సౌండ్‌స్కాన్ కూడా పూర్తి నిజం కాదు. స్కానర్ ఉన్న పెద్ద గొలుసు దుకాణాలు బాగా లెక్కకొచ్చాయి. సందులో ఉన్న చిన్న షాపుల అమ్మకాలని అంచనా వేయాల్సి వచ్చింది. అప్పుడు మన దగ్గరి సంగతి ఆలోచించండి. అదే 1991లో తెలుగులో "గ్యాంగ్ లీడర్", "ఆదిత్య 369", "క్షణ క్షణం" పాటలు మోగిపోతున్నాయి. ఖాళీ క్యాసెట్ ఇచ్చి, పాటల చీటీ రాసిచ్చి, షాపులో రికార్డు చేయించుకున్నవాళ్ళు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు, అడిగి చూడండి. ఆ చీటీలకి బార్‌కోడ్ ఏది? ఎంతమంది విన్నారో చెప్పే అంకె ఎక్కడా మిగల్లేదు.

ఇప్పుడు మనకి అంకెలకి కొదవ లేదు. లిరికల్ వీడియో వచ్చిన 24 గంటల్లో ఎన్ని వ్యూస్ అని పోస్టర్లు వేస్తున్నాం. కానీ 2019 జులైలో బాద్‌షా "పాగల్" పాటకి ఒక్క రోజులో 7.5 కోట్ల వ్యూస్ అన్న ప్రకటన వస్తే, యూట్యూబ్ దాన్ని రికార్డుగా ప్రకటించలేదు. అదే సెప్టెంబర్‌లో, డబ్బిచ్చి ప్రకటనల ద్వారా తెచ్చుకున్న వ్యూస్‌ని మ్యూజిక్ చార్టుల్లోనూ, 24 గంటల రికార్డుల్లోనూ లెక్కపెట్టబోమని చెప్పింది. కౌంటర్ మనిషికి కచేరీ టికెట్లు ఇచ్చిన పాత అలవాటు కొత్త చొక్కా వేసుకుని వచ్చిందన్నమాట.

కాబట్టి ఈసారి "నంబర్ వన్" అన్న పోస్టర్ కనబడితే మూడు ప్రశ్నలు వేసుకోండి. దేన్ని లెక్కపెట్టారు? ఎవరు లెక్కపెట్టారు? ఈ లెక్కలోకి రానివాళ్ళు ఎవరు? మూడో ప్రశ్న మరీ ముఖ్యం. ఎందుకంటే 1991కి ముందు కూడా గార్త్ బ్రూక్స్ వినేవాళ్ళున్నారు, ఎన్.డబ్ల్యూ.ఏ వినేవాళ్ళున్నారు. వాళ్ళని అడిగినవాళ్ళే లేరు.

మీ ఊళ్ళో అందరూ పాడుకునే పాట, ఏ చార్ట్‌లోనూ కనబడని పాట ఏదైనా ఉంటే కామెంట్స్‌లో రాయండి. జాతర పాటైనా సరే, పెళ్ళి బ్యాండు పాటైనా సరే. వచ్చే ఎపిసోడ్‌లో మరో సంవత్సరంతో కలుద్దాం. ఉంటానండీ.