ఆట మారుదామా, బావా?

ఆదివారం రాత్రి తొమ్మిదయితే మా ముగ్గురి చేతుల్లోకీ ఫోన్లు వస్తాయి. నేను మదనపల్లెలో ఉంటాను. మేనత్త కొడుకు పుంగనూరులో. చిన్నాన్న కొడుకు కుప్పంలో, ద్రావిడ విశ్వవిద్యాలయం హాస్టల్లో. పండగలకు తప్ప ఒకరి ముఖం ఒకరు చూసుకోం. అయినా వారం వారం ఫోన్లోని ఫుట్‌బాల్ మైదానంలో కలుస్తూనే ఉన్నాం. ఓడినవాడు మళ్లీ కలిసినప్పుడు బిర్యానీ పెట్టించాలి. మా పందెం అంతవరకే.

ఈమధ్య ఒక ఆదివారం తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, హాస్టల్లో అందరూ ఈఫుట్‌బాల్‌కు పోయినారు. నేనూ పోతాండా. మీరూ వచ్చేయండి."

బావ ససేమిరా అన్నాడు. "రెండేండ్లు కూడబెట్టుకున్న టీముప్పా అది! దాన్ని ఇడిసిపెట్టి యాడికి పోయేది?"

ఇద్దరి మాటా నిజమే. ఆట మారడమంటే ఒక యాప్ తీసేసి ఇంకోటి వేసుకోవడం కాదు. రాత్రుళ్లు మేల్కొని ఒక్కొక్క ఆటగాడినీ చేర్చుకుని కట్టుకున్న జట్టును వదులుకోవడం. వేళ్లకు పట్టుబడిన విద్యను మళ్లీ మొదటినుంచి నేర్చుకోవడం. అందుకే ఈ ప్రశ్నను పిల్లల గోల అని కొట్టిపారేయలేను.

పేరు ఒకచోట, ఆట ఒకచోట

మేం ఆడుతున్న ఆట మా బావకు ఇప్పటికీ 'ఫిఫా'నే. ఆ పేరుతో ఈఏ స్పోర్ట్స్ తొలి ఆట 1993లో వచ్చింది. దాదాపు ముప్పై ఏళ్ల కాపురం తర్వాత, 2022లో ఆ కంపెనీకీ, ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫాకూ ఒప్పందం చెడింది. 'ఫిఫా 23' ఆఖరుది. 2023 సెప్టెంబరు 29న అదే ఆట 'ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ 24' పేరుతో వచ్చింది. ఫోన్లో ఉన్నదీ ఎఫ్‌సీ మొబైల్ అయింది.

అవతలి పక్షం జపాన్‌కు చెందిన కొనామీ. కుప్పంలో పీఈఎస్ అంటే అందరికీ మెడికల్ కాలేజీ. ఈ ఆటలు ఆడేవాళ్లకు మాత్రం కొనామీ వారి ప్రో ఎవల్యూషన్ సాకర్. 2021లో దానికీ పేరు మారి ఈఫుట్‌బాల్ అయింది, డబ్బు కట్టక్కర్లేని ఆటగా వచ్చింది. విశేషమేమంటే, 2024లో ఫిఫా సంస్థే కొనామీతో చేయి కలిపింది. ఆ డిసెంబరులో రియాద్‌లో జరిగిన ఫిఫా ఈ-వరల్డ్ కప్‌ను ఈఫుట్‌బాల్‌లోనే ఆడించింది. ఇక పేరు మీద అభిమానంతో ఉండిపోదామనుకున్నవాడికి ఆ పేరే అవతలి గట్టున కనబడుతోంది.

వేళ్లు మరిచిపోవు

ఇంటర్ రోజుల్లో మదనపల్లెలో ఒక సందులోని గేమింగ్ సెంటర్‌కు వెళ్లేవాణ్ని. అక్కడి ప్యాడ్ల మీద బొమ్మలు అరిగిపోయి, ఏది ఏ బటనో గుడ్డిగా గుర్తుంచుకోవలసి వచ్చేది. ఫిఫాలో గుండ్రం బటన్ నొక్కితే గోల్‌కు కొట్టడం, చదరం నొక్కితే బంతిని గాల్లోకి లేపి క్రాస్ ఇవ్వడం. పీఈఎస్‌లో సరిగ్గా తలకిందులు. చదరం షాట్, గుండ్రం క్రాస్.

ఒకనాడు ఫిఫా సీటు ఖాళీ లేక పీఈఎస్ ముందు కూర్చున్నాను. ఆఖరి నిమిషం. ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే. బొటనవేలు తనంతట తాను గుండ్రం మీదికి పోయింది. బంతి లేచి, ఎవరూ లేని పక్కకు పోయి గీత దాటింది. బటన్లు మార్చుకునే సదుపాయం సెట్టింగుల్లో ఉందని తెలిసేటప్పటికి ఆ సాయంత్రం అయిపోయింది. కొత్త ఆటకు పోయేవాళ్లు ముందుగా చూడవలసింది సెట్టింగులే.

ఇంకొకటి, విడుదలైన రోజే దూకకూడదు. 2021 సెప్టెంబరు 30న ఈఫుట్‌బాల్ వచ్చినప్పుడు ఆటగాళ్ల ముఖాలు వికారంగా ఉన్నాయని ప్రపంచమంతా మండిపడింది. కొనామీ క్షమాపణ చెప్పుకుంది. సరిదిద్దిన 1.0 వెర్షన్ 2022 ఏప్రిల్‌కు గానీ రాలేదు. ఆ ఆరు నెలలు ఆగినవాళ్లే తెలివైనవాళ్లు.

ఎఫ్‌సీ వైపు ఉన్న గట్టి బలం అసలు పేర్లు, అసలు జెర్సీలు. ఫిఫా 22లో మన ఇండియన్ సూపర్ లీగ్‌ను చేర్చినప్పుడు హైదరాబాద్ ఎఫ్‌సీతో ఆడిన ఆనందం నాకింకా గుర్తు. ఒక తెలుగు నగరం పేరు ప్రపంచ క్లబ్బుల సరసన! ఆ సీజన్లోనే, 2022 మార్చి 20న, ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఆ జట్టు నిజంగానే చాంపియన్ అయింది. ఆ క్లబ్బు 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఆ బాధ ఏ ఆటకు మారినా తీరేది కాదు.

మూసిన పెట్టె

మా మదనపల్లె టమాటా మండీలో బాక్సు తెరిచి, కాయ చూసి, ఆ తర్వాతే పాట పాడతారు. ఈ ఆటల్లో అమ్మే 'ప్యాకులు' అలా కాదు. ముందు డబ్బు, తర్వాత పెట్టె. లోపల మెస్సీ ఉంటాడో, పేరు తెలియని గోల్‌కీపర్ ఉంటాడో అదృష్టం. బెల్జియం ఇలాంటి పెట్టెలను జూదం కింద లెక్కగట్టింది. దాంతో 2019 జనవరిలో ఈఏ అక్కడ ఆ ప్యాకులు కొనడానికి వాడే ఫిఫా పాయింట్ల అమ్మకం ఆపేసింది. ఈ విషయంలో రెండు కంపెనీలనూ ఒకే గాటన కడతాను. కంప్యూటర్‌కో, ప్లేస్టేషన్‌కో ఏటా ఎఫ్‌సీ కొనేవాళ్లకు ఇంకో నష్టం కూడా. ఆ ప్యాకులతో కట్టుకున్న జట్టు, అంటే అల్టిమేట్ టీమ్, కొత్త ఆటలో మళ్లీ సున్నా నుంచే మొదలు. ఈఫుట్‌బాల్‌లో ఏడాది మారినా అదే ఆటకు అప్‌డేట్ వస్తుంది.

ఇంతకీ మేమేం చేశామంటే, నెల రోజులు రెండూ ఉంచుకున్నాం. ఫోన్లో చోటు లేక బావ పెళ్లి వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. మొదటి రెండు ఆదివారాలూ తమ్ముడు మా ఇద్దరినీ చితకబాదాడు. మూడోవారం బావ ఒక గోల్ కొట్టి, ఫోన్లోనే అరిచిన అరుపుకు పుంగనూరులో వాళ్లింటి పక్కవాళ్లు లేచారట. ఆ రాత్రే నాకు తేలిపోయింది. బొమ్మలు ఎఫ్‌సీలోనే బాగున్నాయి, పేర్లూ అక్కడే ఉన్నాయి. కానీ మనవాళ్లు ఎక్కడుంటే ఆట అక్కడుంది. మేం మారిపోయాం.

మీరూ మారాలనుకుంటుంటే ఒక్క మాట. పాత ఆటను వెంటనే తీసేయకండి. ముందు ఆ అకౌంటును మీ ఈమెయిల్‌కు ముడివేసి పెట్టుకోండి. గెస్ట్‌గా ఆడినవాళ్లు ఫోన్ మార్చినా, యాప్ తీసేసినా ఆ జట్టు మళ్లీ చేతికి రావడం కష్టం. కొత్త ఆటలో మొదటి నెల ఒక్క రూపాయి కూడా పెట్టకండి.