పేరు ఊరిది, పొయ్యి ఎవరిది?

2023 జూన్‌లో ఆత్రేయపురం పూతరేకుకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. బియ్యపు పిండి, నెయ్యి, పంచదార లేదా బెల్లం తప్ప పెద్దగా ఏమీ లేని ఒక మిఠాయికి డార్జిలింగ్ తేయాకుతో సమానమైన చట్టపరమైన హోదా దక్కడం చిన్న విషయం కాదు. అభివృద్ధి అర్థశాస్త్రం బోధించేటప్పుడు విద్యార్థులకు నేను చైనా, వియత్నాంల కంటే ముందు ఈ ఊరినే ఉదాహరణగా చెబుతాను. ప్రపంచ మార్కెట్టు ఒక పేద దేశపు పల్లెలోకి ఏ తలుపు గుండా వస్తుందో, ఎవరి గడప దగ్గర ఆగిపోతుందో ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

ఆత్రేయపురం ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలో ఉంది. జిల్లాకు ఆయన పేరు పెట్టడం గురించి చాలా మాట్లాడుకున్నాం. ఆయన అర్థశాస్త్రాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. 1923లో లండన్‌లో అచ్చయిన ‘ద ప్రాబ్లమ్ ఆఫ్ ద రుపీ’లో అంబేద్కర్ ఒక మౌలికమైన ప్రశ్న లేవనెత్తారు. రూపాయి మారకపు విలువ పడిపోతే ఎగుమతులు పెరిగి దేశం లాభపడుతుందని నాడు వ్యాపార వర్గాలు వాదించేవి. ఆ లాభం దేశానికి బయటి నుంచి వచ్చింది కాదనీ, ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగనందువల్ల దేశం లోపలే ఒక వర్గం నుంచి మరో వర్గానికి బదిలీ అయిందనీ ఆయన నిరూపించారు. నూరేళ్లు దాటినా ఎగుమతి గణాంకాలు చూసి సంబరపడే మన ఆర్థికవేత్తలు ఈ ప్రశ్న వేయడం నేర్చుకోలేదు. వచ్చిన లాభం ఎవరి జేబులో నుంచి ఎవరి జేబులోకి వెళ్లింది?

ఈ ప్రశ్నతో పూతరేకు పొయ్యి దగ్గరకు వెళదాం. నానబెట్టిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, పాలలా పలుచన చేస్తారు. ఇందుకోసమే ప్రత్యేకంగా చేసిన కుండను బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెడతారు. ఆ పిండిలో ముంచిన గుడ్డను కాలుతున్న కుండ మీద ఒక్క వేటున లాగాలి. క్షణంలో కాగితం కంటే పలుచని రేకు లేస్తుంది. మంట ఎక్కువైతే మాడుతుంది, చెయ్యి ఆగితే మందమవుతుంది. రోజంతా పొగలో కూర్చుని, కాలే కుండ మీద చెయ్యి ఆడించే ఈ నైపుణ్యం దాదాపు పూర్తిగా మహిళలది. యంత్రం చేయలేని పని కనుకనే దీనికి విలువ. మరి ఆ విలువ చేతికి అందుతోందా? ఆ ప్రాంతంలో ఒక పొయ్యి దగ్గర కూలి ఎలా కడతారని అడిగాను. “రోజు లెక్క కాదండి మాస్టారూ, రేకుల లెక్కండి” అందావిడ. రేకు చిరిగితే లెక్కలోకి రాదు. చుట్టలో జీడిపప్పు వేసినా, బాదం వేసినా రేకు రేటు అదే. డబ్బాలో పెట్టి, ఊరి పేరు ముద్రించి, కొరియర్‌లో అమెరికా పంపాక పెరిగే ధరతో ఆ లెక్కకు సంబంధం లేదు.

చట్టం ఏమంటుందో చూద్దాం. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడు మేధో సంపత్తి ఒప్పందం కింద సభ్య దేశాలు భౌగోళిక సూచికలకు రక్షణ కల్పించవలసి వచ్చింది. ఆ బాధ్యతతోనే మన పార్లమెంటు 1999లో చట్టం చేసింది. 2003 సెప్టెంబరు 15 నుంచి అది అమల్లో ఉంది. షాంపేన్ వంటి తమ పేర్లను కాపాడుకోవాలని ఐరోపా దేశాలు పట్టుబట్టి తెచ్చిన నిబంధన మన చేనేతకూ, మన మిఠాయికీ ఉపయోగపడటం మంచిదే. అయితే ఈ చట్టంలో ‘ఉత్పత్తిదారు’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనాన్ని విద్యార్థులు తప్పక చదవాలి. చేతివృత్తులు, పారిశ్రామిక వస్తువుల విషయంలో తయారుచేసేవారితో పాటు, ఆ తయారీలో వర్తకం చేసేవారు కూడా ఉత్పత్తిదారులే. వ్యవసాయ ఉత్పత్తులైతే ప్యాకింగ్ చేసేవారు కూడా ఆ మాటలోకే వస్తారు. అంటే కుండ ముందు కూర్చున్న మనిషి, డబ్బా మీద స్టిక్కరు అంటించే మనిషి చట్టం దృష్టిలో ఒకటే. వీరిద్దరి మధ్య కూలి బేరం గురించి చట్టం ఒక్క మాట మాట్లాడదు. పేరును దొంగల నుంచి కాపాడుతుంది గాని, ఆ పేరు మీద వచ్చే డబ్బును ఎలా పంచాలో చెప్పదు.

కులం ప్రవేశించేది ఈ ఖాళీలోనే. తినే వస్తువును ఎవరు వండారు, ఎవరు అమ్ముతున్నారు అన్నది మన సమాజంలో ఏనాడూ అమాయకమైన ప్రశ్న కాదు. తెలుగు పట్టణాల్లో మిఠాయి దుకాణాల, పచ్చళ్ల దుకాణాల బోర్డులు చూడండి. కులం పేరు నాణ్యతకు హామీగా ఏ కులాలకు పనికొస్తుందో, ఏ కులాలు తమ పేరు దాచుకోవాలో ఆ బోర్డులే చెబుతాయి. పిండి రుబ్బడానికి, కట్టెలు మోయడానికి, పొయ్యి ముందు కూర్చోవడానికి అడ్డురాని కులం గల్లాపెట్టె దగ్గర అడ్డొస్తుంది. 2005 ఆర్థిక గణన ప్రకారం దేశ జనాభాలో 16 శాతానికి పైగా ఉన్న షెడ్యూల్డ్ కులాల యాజమాన్యంలో ఉన్న సంస్థలు 9.8 శాతమే. వాటిలోనూ అధిక భాగం యజమాని ఒక్కడే పనివాడైన బడ్డీలు. సరళీకరణ మొదలై అప్పటికి పద్నాలుగేళ్లు. మార్కెట్టుకు కులం తెలియదన్న మాటను నేను సిద్ధాంతంగా కూడా ఒప్పుకోలేను. పరపతి, పరిచయం, నమ్మకం అనే మూడు సరుకులు లేకుండా ఏ మార్కెట్టూ నడవదు. మన దగ్గర ఆ మూడూ కులం గోదాముల్లోనే నిల్వ ఉన్నాయి.

డెల్టాకు ప్రపంచ మార్కెట్టు కొత్త కాదన్న సంగతి కూడా మరచిపోతున్నాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక బొబ్బర్లంక దగ్గర, లొల్ల లాకుల దగ్గర పారిన నీరు ఈ గడ్డను ధాన్యాగారం చేసింది. పూతరేకుల గుర్తింపు కోసం దరఖాస్తు చేసిన తయారీదారుల సంఘం కూడా సర్ ఆర్థర్ కాటన్ పేరే పెట్టుకుంది. కాటన్ పట్ల డెల్టా కృతజ్ఞత నిజమైనదే. కాని నీరు పొలానికి వచ్చింది, పొలం లేనివారికి రాలేదు. నీటితో భూమి విలువ పెరిగింది, భూమి ఉన్న కులాలు చదువుకున్నాయి, మిల్లులు పెట్టాయి, సినిమాలు తీశాయి. భూమి లేనివారు కోరంగి, కాకినాడ రేవుల్లో ఓడ ఎక్కి ‘రంగం’ వెళ్లారు. బర్మాలో తెలుగు కూలీలకు ‘కోరంగీలు’ అనే పేరు ఆ రేవు నుంచే వచ్చింది. 1930 మే నెలలో రంగూన్ ఓడరేవులో జరిగిన అల్లర్లలో చచ్చింది ప్రధానంగా వారే. ప్రపంచీకరణ తొలి విడతలో డెల్టా నుంచి ఎగుమతి అయినవి రెండు: బియ్యం, మనుషులు. ఒకటి పై కులాల సంపద, రెండవది కింది కులాల శరీరం.

1991 తర్వాతి విడత ఇందుకు పెద్ద భిన్నంగా లేదు. 1990ల మధ్యలో పామాయిల్ దిగుమతులకు తలుపులు తెరిచాక కోనసీమ కొబ్బరి రైతు ధర కోసం మలేసియా, ఇండొనేసియాల వైపు చూడవలసి వచ్చింది. వరి సంగతి దీనికి తిరగబడిన కథ. 2008 నుంచి 2011 సెప్టెంబరు వరకు బాస్మతీయేతర బియ్యం ఎగుమతిపై కేంద్రం నిషేధం విధించింది. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు సుమారు లక్ష ఎకరాల్లో పంట విరామం ప్రకటించి దేశాన్ని ఆశ్చర్యపరిచారు. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. గిట్టుబాటు ధర లేదన్న వారి వాదన న్యాయమైనదే. కాని అదే ఉద్యమంలో మరో ఫిర్యాదు గట్టిగా వినిపించింది: ఉపాధి హామీ పథకం వల్ల కూలి రేట్లు పెరిగిపోయాయని. పంటకు విరామం ప్రకటించే హక్కు భూమి ఉన్నవారిది. ఆకలికి విరామం ప్రకటించే హక్కు పేటలో ఎవరికుంది? 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు విస్తీర్ణంలో షెడ్యూల్డ్ కులాల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. యజమాని హైదరాబాదులోనో, డల్లాస్‌లోనో ఉంటే, అతని పొలాన్ని నోటిమాట మీద చేస్తున్న కౌలుదారు పేరు ఏ కాగితంలోనూ లేకపోతే, రైతు అనే మాట ఎవరి గురించో కూడా మనం స్పష్టంగా చెప్పలేం.

ఇక రంగానికి బదులు కువైట్. గోదావరి జిల్లాల పేటల నుంచి గల్ఫ్‌కు వెళ్లేవారిలో మహిళలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారిలో అత్యధికులు దళిత, వెనుకబడిన కులాల వారు. ఇరవై నంబరు వీసా అంటే ఇంటి పని, పద్దెనిమిది అంటే కంపెనీ పని అని కోనసీమలో చదువురాని వృద్ధురాలు కూడా చెబుతుంది. మన 1983 వలస చట్టం చేసే పని ఇక్కడ గమనించాలి. పదో తరగతి పాసైన పౌరుడు ప్రభుత్వాన్ని అడగకుండా గల్ఫ్‌కు వెళ్లవచ్చు. పాసవని వారి పాస్‌పోర్టుపై మాత్రం వలస అనుమతి తప్పనిసరి అని ముద్ర ఉంటుంది. ఇంటి పనికి వెళ్లే ఆడమనిషికి 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి ఇలాంటి మహిళలను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నిబంధన కూడా వచ్చింది. ఉద్దేశం రక్షణే కావచ్చు. బడిలో ఎవరు నిలిచారో, ఎవరు మానేశారో నిర్ణయించినది కులమైన చోట, ఆ ముద్ర కులాన్నే పాస్‌పోర్టులోకి ఎక్కిస్తుంది. నిబంధన బిగిసిన కొద్దీ ఏజెంటు విజిటింగ్ వీసా మీద పంపుతాడు. అలా వెళ్లిన మనిషికి ఆపద వస్తే రాయబార కార్యాలయం దగ్గర ఆమె ఉనికికి కాగితం ఉండదు.

కువైట్ 2015లో ఇంటి పనివారికి ప్రత్యేక చట్టం చేసి రోజుకు 12 గంటల పరిమితి, వారానికి ఒక సెలవు ఇచ్చింది. 2016లో 60 దినార్ల కనీస వేతనం ప్రకటించింది. నాలుగు గోడల మధ్య దాని అమలును ఎవరు చూస్తారన్నది వేరే మాట. ఇంటి పనివారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన ఒప్పందాన్ని భారతదేశం ఇప్పటికీ ఆమోదించలేదు. కువైట్‌ను నిందించే ముందు ఇది గుర్తుంచుకోవాలి. 2022లో దేశానికి ప్రవాసులు పంపిన డబ్బు పదివేల కోట్ల డాలర్లు దాటిందని గొప్పగా చెప్పుకున్నాం. అందులో కాలిఫోర్నియా ఇంజనీరు డాలరు, కువైట్ వంటింటి దినారు ఒకే గణాంకంలో కలిసిపోయాయి. ఒకరిని ప్రవాస భారతీయుడంటాం, సత్కార సభలు పెడతాం. మరొకరిని ‘కువైట్ వెళ్లిన మనిషి’ అని గొంతు తగ్గించి చెప్పుకుంటాం.

ఇంతమాత్రాన మార్కెట్టు కింది కులాలకు ఏమీ ఇవ్వలేదని నేను అనను. సరళీకరణ కాలంలో దళితుల తిండి, బట్ట, సామాజిక మర్యాదల్లో వచ్చిన మార్పును చంద్రభాన్ ప్రసాద్, ఆయన సహ పరిశోధకులు 2010లో ఉత్తరప్రదేశ్ గ్రామాల ఆధారంగా లెక్కగట్టి చూపించారు. ఆ మార్పు కోనసీమలోనూ కంటికి కనిపిస్తుంది. పేటల్లో లేచిన డాబాలకు పునాది కామందు దయ కాదు, అరబ్బు ఇంటి జీతం. కామందు పొలానికి వెళ్లకుండా బతకగలగడం ఒక దళిత కుటుంబానికి ఎంత పెద్ద విముక్తో, ఆ స్థితిలో ఎన్నడూ లేనివారు కొలవలేరు. 2022 మే 24న అమలాపురంలో జిల్లా పేరు మార్పుపై జరిగిన దహనకాండలో ఒక మంత్రి, ఒక శాసనసభ్యుడి ఇళ్లు తగలబడ్డాయి. ఆ రోజు మండింది పేరు ఒక్కటే కాదనీ, తమ పొలాల మీద ఆధారపడకుండా లేచిన డాబాల పట్ల ఎప్పటినుంచో రగులుతున్న అసహనం కూడా అందులో ఉందనీ నా అభిప్రాయం. మార్కెట్టు ఇచ్చిన స్వేచ్ఛ అది. కాని ఆ స్వేచ్ఛ కోసం తల్లి పిల్లలను వదిలి మూడువేల కిలోమీటర్ల అవతల మరొకరి పిల్లలను పెంచవలసి రావడం, అదే ఊళ్లో ఉన్న నైపుణ్యానికి ఆ పాటి కూలి దొరకకపోవడం అభివృద్ధి లెక్కల్లో ఎక్కడా ఖర్చుగా నమోదు కాదు.

అందుకే పూతరేకుల గుర్తింపును నేను చిన్న విషయంగా చూడను. రేకుకు కువైట్‌తో పోటీపడే కూలి వస్తే కొందరైనా ఊళ్లో ఉండగలరు. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. ఉన్న చట్టం ప్రకారమే పేరు నమోదు చేసుకున్న సంఘం ఒకటైతే, ఆ పేరును వాడుకునే హక్కు పొందే అధీకృత వినియోగదారులు వేరుగా నమోదు కావచ్చు. పొయ్యి ముందు కూర్చునే మహిళలు డ్వాక్రా సంఘాల ద్వారా సొంతంగా తయారీ పెట్టుకుని, తమ పేర్లతో ఆ జాబితాలో చేరితే, రేకు రేటు మాట్లాడేటప్పుడు వారికి మరో దారి ఉంటుంది. 2013 ఉపప్రణాళిక చట్టం కింద షెడ్యూల్డ్ కులాలకు కేటాయించే నిధుల్లో పొగ గొట్టాలున్న పొయ్యిలకు, ప్యాకింగ్ షెడ్డుకు, ఆహార భద్రత లైసెన్సు ఖర్చులకు కొంత వెచ్చించడం జిల్లా యంత్రాంగానికి అసాధ్యమేమీ కాదు. భౌగోళిక సూచికల రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. దరఖాస్తు ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం చదివే పదిమంది విద్యార్థులు వేసవి సెలవుల్లో ఒక వారం ఆత్రేయపురంలో కూర్చుంటే ఎన్ని ఫారాలు నింపగలరో ఈ ఏడాది మా తరగతిలో లెక్క వేస్తున్నాం.