మల్టీమీటరు ఎంపిక – కొన్ని మెలకువలు

అనకాపల్లి బెల్లం బజారులో త్రాసు సరిగా లేనిచో రైతు పడిన శ్రమకు తగిన విలువ దక్కదు. మన ఉర్దూ మిత్రులు ‘తరాజూ’ అన్నను, మనము ‘త్రాసు’ అన్నను దాని ధర్మమొక్కటే: ఉన్నదానిని ఉన్నట్లు చూపుట. ఎలక్ట్రానిక్స్ విద్యార్థికి మల్టీమీటరే అట్టి త్రాసు. 2022 వరకు విశాఖపట్నం జిల్లాలోను, అటుపిమ్మట అనకాపల్లి జిల్లాలోను భాగమైన మన చోడవరంలో మరమ్మతు పని నేర్చి బ్రతుకుతెరువు పొందగోరు విద్యార్థి మొదట కొనదగిన పరికరమిదే. కావున దీనిని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

కరెంటు, ఓల్టేజి, నిరోధము – ఈ మూడింటిని ఒకే పెట్టెలో కొలుచు ‘ఆవో’ మీటరు 1923లో ఇంగ్లండులో వెలువడినది. తపాలా శాఖ ఇంజనీరు డోనాల్డ్ మకాడీ దీనిని రూపొందించెను. ఆంపియరు, వోల్టు, ఓము అను ప్రమాణముల తొలి అక్షరములే దాని పేరు.

మీటరు తాను పరీక్షించు సర్క్యూటు నుండి కొంత కరెంటును గ్రహించును. ఇది మరచినచో పొరబాటు తప్పదు. ఒక్కొక్కటి లక్ష ఓముల విలువగల రెండు రెసిస్టర్లను వరుసగా కలిపి 12 వోల్టుల బ్యాటరీకి తగిలింతుమనుకొనుడు. ఒక్కొక్కదానిపై 6 వోల్టులుండవలెను. వోల్టుకు 1,000 ఓముల ముల్లు మీటరు 10 వోల్టుల రేంజిలో చూపునది 1 వోల్టు మాత్రమే! వోల్టుకు 20,000 ఓములది 4.8 చూపును. కోటి ఓముల నిరోధముగల డిజిటల్ మీటరు 5.97 చూపును. మేమొకమారు ఇట్టి తప్పు లెక్కను నమ్మి, బాగుగానున్న ట్రాన్సిస్టరును చెడినదని ఊడదీసితిమి. దోషము ట్రాన్సిస్టరుది కాదు. మీటరు స్వభావమెరుగని మాది.

అట్లని ముల్లు మీటరు పనికిరానిది కాదు. పెద్ద కెపాసిటరు ఛార్జి అగునప్పుడు ముల్లు ఎగసి మెల్లగా వెనుకకు వచ్చుట కంటికి కనబడును. అయితే ఓము రేంజిలో చాలా ముల్లు మీటర్ల నల్ల తీగయే ధనధ్రువము. డయోడును పరీక్షించువారు దీనిని గుర్తుంచుకొనవలెను. డిజిటల్ మీటరులో డయోడు గుర్తు తప్పక ఉండవలెను. మంచి సిలికాన్ డయోడు ఒక దిశలో 0.5 నుండి 0.7 వోల్టుల వరకు చూపి, రెండవ దిశలో కరెంటును అడ్డగించును. కెపాసిటరును డిశ్చార్జి చేయక, సర్క్యూటుకు సప్లయి ఆపక నిరోధమును కొలువరాదు.

అన్నింటికంటె ముఖ్యము ప్రాణరక్షణ. మన ఇండ్లలోని 230 వోల్టుల సప్లయి ప్రతి ఆవృత్తిలోను సుమారు 325 వోల్టుల శిఖరమును తాకును. తీగను ఆంపియరు రంధ్రములోనే మరచి మెయిన్సును ముట్టినచో మీటరు షార్టు సర్క్యూటు వలె పనిచేయును. అప్పుడు రక్షించునది లోపలి ఫ్యూజు మాత్రమే. ఫ్యూజులేని ఆంపియరు రంధ్రమున్న చవక మీటరుతో మెయిన్సు జోలికి పోరాదు. ఇంటి సాకెట్లకు ‘క్యాట్ రెండు’, మెయిన్ బోర్డులకు ‘క్యాట్ మూడు’ తరగతి మీటరు, అదే తరగతి తీగలు అవసరము.

కావున విద్యార్థులు ధరను చూచుటకు ముందు ఫ్యూజును, తరగతిని, లోపలి నిరోధమును చూడవలెను. కళాశాల కమిటీ వారు ప్రయోగశాలకు నాసిరకపు మీటర్లు పది కొనుటకంటె నమ్మదగినవి ఐదు కొని, ఇద్దరికొకటి చొప్పున ఇచ్చుట మేలని సవినయముగా మనవి చేయుచున్నాము. కొలత నిజమైననే కదా విద్య నిజమగుట!